గీత విమానానిదా, అచ్చుదా: పాత 1/48 మస్టాంగ్ కిట్‌ను సరిదిద్దిన తీరు

మోడల్ చేసిపెట్టమని అడిగినవారి కోరిక చిన్నది: 1944 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఒక అమెరికన్ స్థావరంలో, ఇంజన్ ఆపి నేల మీద నిలిపి ఉంచిన పి-51డి మస్టాంగ్ యుద్ధవిమానపు ప్లాస్టిక్ మోడల్ కావాలి. ఆయన వైమానిక చరిత్ర బోధిస్తారు. మోడల్‌ను పిల్లల ముందు బల్ల మీద పెట్టి, ఒక్కో భాగం చూపిస్తూ ఇది ఎందుకు ఇలా ఉందని అడగడం ఆయన పద్ధతి. అంటే ఈ మోడల్ అద్దాల బీరువాలో దూరంగా ఉండేది కాదు. పిల్లలు వంగి చూస్తారు, టార్చి వేసి చక్రాల గుంతలోకి చూస్తారు, రెక్క కింద ఏముందని అడుగుతారు.

కిట్‌ను కూడా ఆయనే ఇచ్చారు. దశాబ్దాల కిందటి అచ్చు నుంచి వచ్చిన 1/48 కిట్ అది. ఇంతకంటే మేలైన మస్టాంగ్ కిట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. అయినా దీన్ని తీసుకోవడానికి నేను ఒప్పుకున్నాను, ఎందుకంటే ముందుగా కొలిచి చూశాను. అసలు విమానం రెక్కల విస్తారం 11.28 మీటర్లు, పొడవు 9.83 మీటర్లు. 48తో భాగిస్తే 235 మిల్లీమీటర్లు, 205 మిల్లీమీటర్లు రావాలి. ముక్కలను టేపుతో తాత్కాలికంగా అతికించి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే తేడా మిల్లీమీటరు లోపే ఉంది. పక్క నుంచి చూసినా, పై నుంచి చూసినా ఆకారం మస్టాంగ్‌దే. ఆకారం తప్పిన కిట్‌ను వివరాలు నిలబెట్టలేవు. ఆకారం సరిగ్గా ఉంటే మిగతాది శ్రమకు లొంగుతుంది.

ఈ పనిలో నేను మొదటి నుంచి చివరి వరకు పట్టుకున్న ప్రశ్న ఒకటే. మోడల్ మీద కనిపించే ప్రతి గీత, ప్రతి గాడి, ప్రతి ఖాళీ అసలు విమానానిదా, లేక ప్లాస్టిక్ అచ్చుదా? విమానానిదైతే ఉండాలి, అది కూడా సరైన వెడల్పుతో. అచ్చుదైతే పోవాలి. చెప్పడానికి తేలికే గానీ, మస్టాంగ్ విషయంలో దీనికి సమాధానం చెప్పాలంటే ఆ విమానాన్ని ఎలా తయారుచేశారో తెలియాలి. కిట్‌లోని సూచనల కాగితం ఈ సంగతి చెప్పదు.

రెక్క మీద ఉండకూడని గీతలు

కిట్ రెక్క మీద రేకుల అతుకు గీతలు, రివెట్ చుక్కలు నిండుగా ఉన్నాయి. చాలామందికి అది నాణ్యతకు గుర్తుగా కనిపిస్తుంది. మస్టాంగ్ రెక్కకు మాత్రం అది నేరుగా తప్పు.

మస్టాంగ్ రెక్కను లామినార్ ప్రవాహం కోసం రూపొందించారు. రెక్క ఉపరితలాన్ని అంటుకుని పారే పలుచని గాలి పొర వీలైనంత దూరం చెదరకుండా, పొరలు పొరలుగా సాగాలన్నది ఆలోచన. అందుకే రెక్క మందం అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోటును మామూలు రెక్కలకంటే వెనక్కి జరిపారు. అక్కడి వరకు గాలి పీడనం తగ్గుతూ పోతుంది, తగ్గే పీడనం ఆ పొరను నిలకడగా ఉంచుతుంది. కానీ ఒక్క రివెట్ తల, ఒక రేకు అంచు పైకి లేచినా చాలు, పొర సుడులుగా విడిపోతుంది. కర్మాగారంలో దీనికొక పరిష్కారం చేశారు. రెక్క ముందు అంచు నుంచి సుమారు 40 శాతం వెడల్పు వరకు అతుకులను, రివెట్లను పుట్టీతో నింపి, నున్నగా రుద్ది, ప్రైమర్ కొట్టి, పైన అల్యూమినియం పొడి కలిపిన లాకర్ (త్వరగా ఆరి గట్టిపడే పూత) వేశారు. రంగు వేయని వెండి విమానంగా మనం అనుకునే మస్టాంగ్‌కు నిజానికి రెక్కల మీద రంగు ఉంది. యుద్ధరంగంలో దుమ్ము, పురుగులు, బూట్ల రాపిడి మధ్య ఆ లామినార్ ప్రవాహం అనుకున్నంతగా నిలవలేదన్నది వేరే మాట. కర్మాగారం నుంచి బయటికి వచ్చిన రెక్క మాత్రం నున్ననిది.

కాబట్టి రెక్క మీద మొదటి పని చెరపడం. ఏది ఉంచాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను: తుపాకుల అర మూతలు, తూటాల పెట్టెల మూతలు, ఇంధనం పోసే చోట మూత, రెక్క వెనుక అంచున కదిలే పలకలైన ఎయిలరాన్లు, ఫ్లాపుల అంచులు. ఇవి తెరుచుకునేవి, కదిలేవి, కాబట్టి వాటి చుట్టూ సందు నిజంగానే ఉంటుంది. ముందు భాగంలోని మిగతా గీతలన్నిటినీ సన్నగా పూసిన సూపర్ గ్లూతో నింపాను.

ఇక్కడ మామూలు మోడలింగ్ పుట్టీ ఎందుకు వాడలేదో చెప్పాలి. ట్యూబులో వచ్చే పుట్టీలో ద్రావకం ఉంటుంది. అది ఆవిరయ్యే కొద్దీ పుట్టీ కుంగుతుంది. రుద్దిన రోజు సమంగా కనిపించిన గీత కొన్నాళ్లకు సన్నని నీడగా తిరిగి బయటపడుతుంది. మెరిసే లోహపు రంగు కింద ఆ నీడ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సూపర్ గ్లూ కుంగదు. అయితే దానికి వేరే గుణం ఉంది: ఆలస్యం చేసేకొద్దీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. అప్పుడు రుద్దితే మెత్తని ప్లాస్టిక్ ముందు అరిగిపోయి, గ్లూ గట్టులా మిగులుతుంది. అందుకే రెక్కను చిన్న చిన్న భాగాలుగా తీసుకుని, నింపిన కొద్దిసేపటికే రుద్దాను. సాండ్ పేపర్‌ను వేలితో నొక్కకుండా గట్టి రబ్బరు ముక్కకు చుట్టి వాడాను. వేలు మెత్తనిది, గాడి ఉన్న చోట లోపలికి దిగి పల్లం చేస్తుంది.

ఉంచిన గీతల సంగతి మరొకటి. పాత అచ్చు కావడంతో, నింపేసిన గాడుల్లా కాకుండా ఇవి పైకి లేచిన గీతలు. వాటిని రుద్దేసి, అదే దారిలో కొత్తగా చెక్కాలి. వెడల్పు ఎంత ఉండాలి? మోడల్ మీద 0.2 మిల్లీమీటర్ల గాడి అంటే అసలు విమానం మీద దాదాపు ఒక సెంటీమీటరు సందు. అంత సందుతో మూతలు బిగించిన యుద్ధవిమానం ఏదీ లేదు. చెక్కే పనిముట్టు మొనను వీలైనంత సన్నగా అరగదీసి, గట్టి టేపును అంచుగా పెట్టుకుని, బలం వేయకుండా ఒకే దారిలో పలుమార్లు తేలికగా లాగాను. మొదటి లాగుడు దారి చూపడానికే. అక్కడ బలం వేస్తే మొన జారుతుంది, జారిన గీతను పూడ్చడం కొత్త గీత చెక్కడం కంటే ఎక్కువ పని.

తోక దగ్గర కోత

ఈ పని మొత్తంలో పెద్ద నిర్ణయం తోక దగ్గర తీసుకోవాల్సి వచ్చింది. కిట్‌లో తోక నిలువు రెక్క ముందు, వీపు మీదుగా కాక్‌పిట్ వైపు సాగే త్రికోణపు గట్టు ఉంది. డి రకం మస్టాంగ్ అనగానే అందరికీ గుర్తొచ్చే గట్టు అది. మన తేదీకి మాత్రం అది పొసగదు.

డి రకంలో పైలట్‌కు అన్ని వైపులా కనిపించాలని బుడగ లాంటి కానోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) పెట్టారు. దానికోసం కాక్‌పిట్ వెనుక ఉన్న ఎత్తైన వీపును కోసేశారు. వీపు తగ్గడంతో విమానం వెనుక పక్కభాగం వైశాల్యం తగ్గింది, ముక్కు అటూ ఇటూ తిరగకుండా నిలిపే స్థిరత్వం కూడా తగ్గింది. పైలట్ సీటు వెనుక 85 గ్యాలన్ల ఇంధన ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. ఆ లోటు తీర్చడానికే తర్వాత తోక ముందు గట్టు చేర్చారు, ముందే వెళ్లిన విమానాలకు స్థావరాల్లో బిగించుకునే భాగాలు పంపారు. 1944 వేసవి మొదట్లో ఇంగ్లండ్ చేరిన తొలి డి విమానాలు మాత్రం గట్టు లేకుండానే వచ్చాయి. జూన్ అని తేదీ చెప్పిన తర్వాత గట్టును ఉంచడానికి లేదు. పైగా, అడిగినవారి పద్ధతికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? ఒక మార్పు ఇంకో మార్పును ఎలా తెచ్చిందో ఆ వీపు మీదే కనిపిస్తుంది.

గట్టు రెండు సగాల ఫ్యూజ్‌లేజ్‌లోనే (విమానం మొండెంలోనే) కలిసి పోతపోసి ఉంది. నేరుగా కోస్తే లోపల బోలుగా ఉండి రంధ్రం పడుతుంది. అందుకే రెండు సగాలు కలపకముందే, గట్టు కింది భాగంలో లోపలి వైపు రెండు భాగాలుగా కలిపే ఎపాక్సీ పుట్టీని మందంగా నింపాను. అది పూర్తిగా గట్టిపడిన తర్వాత సగాలను అతికించాను. ఆ తర్వాతే సన్నపళ్ల రంపంతో గట్టును కాస్త ఎత్తు మిగిలేలా కోసి, మిగిలినదాన్ని ఆకురాయితో క్రమంగా దించాను. కోతను ఎప్పుడూ గీతకు బయటే ఆపాలి, చివరి అర మిల్లీమీటరు ఆకురాయికి వదలాలి.

వీపు గుండ్రదనం సరిగ్గా వచ్చిందో లేదో కంటితో తేల్చడం కష్టం. గట్టుకు ముందు, పాడవని వీపు భాగం మీద పలుచని ప్లాస్టిక్ రేకుతో అడ్డుకోత నమూనా తీసుకున్నాను. తోక వైపు పోయేకొద్దీ వీపు సన్నబడుతుంది కాబట్టి డ్రాయింగు చూసి ఇంకొన్ని నమూనాలు కత్తిరించుకున్నాను. వాటిని వీపు మీద నిలబెట్టి వెనుక నుంచి దీపం చూపిస్తే, వెలుగు ఎక్కడ కారుతుందో అక్కడ పల్లం ఉన్నట్టు. గట్టు పోయాక నిలువు రెక్క ముందు అంచు అడుగు భాగం మొండిగా మిగిలింది. అక్కడ ప్లాస్టిక్ రేకు ముక్కను జిగురుతో కలిపి, ఆరాక రెక్క వాలుకు తగ్గట్టు మలిచాను. ఆ పునాది చుట్టూ రేకుల గీతలను కొత్తగా చెక్కాను. అవి విమానానివే.

తోక దగ్గరే ఇంకో మాట. నిలువు రెక్క వెనుక కదిలే రడ్డర్ రేకుది కాదు, చట్రం మీద బిగించిన వస్త్రం, మీద వెండి రంగు డోప్ (వస్త్రాన్ని బిగించే పూత). ఈ కాలపు డి విమానాల్లో తోక అడ్డ రెక్కల వెనుక కదిలే ఎలివేటర్లూ వస్త్రానివే. కిట్‌లో వస్త్రం పక్కటెముకల మధ్య కుంగి, వానకు వేలాడిన గుడారంలా ఉంది. అసలు వస్త్రాన్ని డోప్ బిగువుగా లాగి పెడుతుంది, పక్కటెముకల మీద టేపు గీతలు మాత్రమే లీలగా తెలుస్తాయి. కొన్ని పొరలు ప్రైమర్ కొట్టి, ప్రతి పొరనూ రుద్ది, ఆ పల్లాలను చాలావరకు పూడ్చాను.

చక్రాల గుంత, కింది గాలి తొట్టి

టార్చి వేసి చూసే పిల్లల కోసం చక్రాల గుంత మీద శ్రద్ధ తప్పదు. కిట్‌లో రెక్క కింద ఉన్న రంధ్రం ఆకారాన్నే అనుసరించి చుట్టూ గోడ కట్టారు. పాత మస్టాంగ్ కిట్లలో ఇది తరచుగా కనిపించే తప్పు. అసలు విమానంలో రంధ్రం అంచు దగ్గర గోడ లేదు. గుంత వెనక్కి సాగి రెక్కను మోసే ప్రధాన స్పార్ (దూలం) వరకు వెళ్తుంది. వెనుక గోడ అంటే ఆ స్పారే, ఒక పక్క నుంచి మరో పక్కకు నేరుగా సాగుతుంది.

రెక్క ముక్కలను అతికించకముందే ఆ గోడలను కోసి తీసి, స్పార్‌ను, పక్కటెముకలను ప్లాస్టిక్ రేకుతో కట్టాను. పైపులు, తీగలు సన్నని రాగితీగతో చేశాను, కనిపించే వాటికే పరిమితమయ్యాను. రంగుల్లో స్పార్‌కు పసుపు ఛాయ జింక్ క్రోమేట్ ప్రైమర్, మిగతా చాలా భాగానికి రంగు లేని అల్యూమినియం ఛాయ. గుంత మొత్తాన్నీ ఒకే ఆకుపచ్చతో నింపితే తేలికే, కానీ ఇలా రెండు ఛాయలు వేస్తేనే స్పార్ ఎక్కడుందో చూసినవారికి అర్థమవుతుంది.

లోపలి చక్రపు తలుపులు కిందికి వేలాడాలి. ఇంజన్ ఆగాక హైడ్రాలిక్ పీడనం తగ్గుతుంది, దాంతో ఆ తలుపులు, ఫ్లాపులు నెమ్మదిగా జారతాయి. ఇంజన్ ఆపి నిలిపిన విమానం అని అడిగినవారు స్పష్టంగా చెప్పారు కాబట్టి ఇందులో సందేహం లేదు. కిట్ ఫ్లాపులు రెక్కతో కలిసిపోయి ఉన్నాయి. గాడి వెంట చెక్కుతూ విడదీసి, ముందు అంచును ప్లాస్టిక్ కడ్డీతో గుండ్రంగా చేసి, కిందికి దించి అతికించాను. ఫ్లాపులు పూర్తిగా 50 డిగ్రీలు దిగుతాయి. వాటిని ఏ కోణంలో ఉంచాలో ఆ కాలపు ఫొటోలు చూసి నిర్ణయించడం మేలు, అన్ని విమానాల్లోనూ అవి ఒకేలా వేలాడవు.

పొట్ట కింద రేడియేటర్‌కు గాలి తీసుకునే తొట్టి ఉంటుంది. దాని పై పెదవి రెక్క అడుగుకు ఆనదు, మధ్యలో సన్నని సందు ఉంటుంది. రెక్క అడుగున మందగించిన గాలి పొర తొట్టిలోకి పోకుండా పక్కకు జారిపోవడానికి ఆ సందు. కిట్‌లో అది మూసుకుపోయి ఉంది. దీన్ని సన్నని ఆకురాయితో తెరిచి, పెదవి అంచును లోపలి నుంచి పలుచబరిచాను. చిన్న పనే గానీ, ముందు నుంచి చూస్తే మోడల్ ముఖమే మారిపోయింది. మస్టాంగ్ కట్టే ఎవరికైనా వేరే ఏదీ చేయకపోయినా ఇది ఒక్కటి చేయమని చెబుతాను.

అతుకులు

రెక్కల జత ఫ్యూజ్‌లేజ్‌కు కలిసే చోట ఒక పక్క మెట్టులా ఎత్తు తేడా, రెండో పక్క ఖాళీ. ఇలాంటి చోట పుట్టీతో నింపడం చివరి మార్గం. మొదటి మార్గం ముక్కలనే సరిచేయడం. ఫ్యూజ్‌లేజ్ సగాల మధ్య స్ప్రూ కడ్డీ (కిట్ ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్కను అడ్డంగా పెట్టి, అది ఆ సగాలను బయటికి నెట్టేలా పొడవు సర్దాను. రెక్క మూలం రెండు వైపులా ఫ్యూజ్‌లేజ్‌కు దగ్గరగా వచ్చింది. మెట్టు ఉన్న పక్క రెక్క లోపలి ఆనుకునే పట్టీని కొంచెం అరగదీస్తే ఎత్తు సమమైంది. రెక్కల పైవాలు 5 డిగ్రీలు, దానికి తగ్గట్టు అట్టతో ఊయల లాంటి ఆధారం చేసి, జిగురు ఆరేవరకు మోడల్‌ను అందులోనే ఉంచాను. రెండు చివర్లు బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కొలిచాను. ఆ తర్వాత మిగిలింది జుట్టు పట్టేంత సందు, దానికి ద్రావక జిగురే చాలింది.

ద్రావక జిగురు అంటించదు, కరిగిస్తుంది. రెండు అంచులూ మెత్తబడి ఒకే ప్లాస్టిక్‌గా కలిసిపోతాయి. అందుకే కలిపిన తర్వాత కాస్త నొక్కితే అతుకు వెంట సన్నని వెన్నులా ప్లాస్టిక్ పైకి ఉబుకుతుంది. దాన్ని వెంటనే తుడవకూడదు. పూర్తిగా గట్టిపడనిచ్చి, బ్లేడును అడ్డంగా పెట్టి గీకితే అతుకు జాడ లేకుండా పోతుంది. ఫ్యూజ్‌లేజ్ వీపు వెంట, ఇంజన్ పై మూత మీదా ఈ పద్ధతే వాడాను.

కానోపీ మధ్య కూడా అచ్చు గీత ఉంది. బుడగ ఆకారం అచ్చు నుంచి బయటికి రావాలంటే అచ్చు ముక్కలుగా విడిపోవాలి, ఆ కలయిక గీత గాజు మీద మిగులుతుంది. వంపు బ్లేడుతో గీకి, తర్వాత గరుకు తగ్గుతూ పోయే సాండ్ పేపర్లతో నీటిలో తడుపుతూ రుద్ది, చివరికి పాలిష్‌తో మెరిపించాను. గీకగానే కానోపీ మసకబారి పాడైపోయినట్టు కనిపిస్తుంది. చివరి పాలిష్ వరకు ఆ మసక ఉంటుంది, భయపడనక్కరలేదు. దీన్ని అతికించడానికి సూపర్ గ్లూ దగ్గరికి కూడా రానివ్వకూడదు, దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్లని పొర కడుతుంది. పీవీఏ జిగురు (మామూలు తెల్ల జిగురు) చాలు.

కాక్‌పిట్ గురించి ఎక్కువ చెప్పను. కానోపీ పెద్దది కాబట్టి లోపల బాగానే కనిపిస్తుంది. నేల చెక్కపలక, దాని మీద నల్లని పూత. చుట్టూ కాక్‌పిట్ ఆకుపచ్చ. సీటు వెనుక ఇంధన ట్యాంకు, దాని మీద రేడియో పెట్టె. ఈ తేదీకి గురి చూసే పరికరం పాత ఎన్-9 రకం. కిట్‌లోది తర్వాత వచ్చిన కె-14ను పోలి ఉంది, దాన్ని మార్చాను.

లోహపు రంగు

అంతవరకు చేసినదంతా లోహపు రంగు పరీక్షిస్తుంది. బూడిద రంగు ఛాయలో కనిపించని గీటు మెరిసే అల్యూమినియం కింద స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ప్రైమర్ దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను. బూడిద ప్రైమర్ కొట్టి, పక్క నుంచి పడే దీపం వెలుగులో మోడల్‌ను తిప్పి చూసి, దొరికిన ప్రతి గీటునూ సరిచేసి, మళ్లీ ప్రైమర్. ఫ్యూజ్‌లేజ్ మీద ఆ తర్వాత నిగనిగలాడే నలుపు వేసి, బాగా ఆరనిచ్చి, అప్పుడు ఎయిర్‌బ్రష్‌తో అల్యూమినియం లాకర్‌ను పలుచని పొరలుగా వేశాను. నలుపు ఎంత నున్నగా ఉంటే పైన లోహం అంత లోహంలా కనిపిస్తుంది.

రెక్కకు నలుపు వేయలేదు. అది రేకు కాదు, వెండి రంగు పూత. బూడిద ప్రైమర్ మీద నేరుగా, మెరుపు తక్కువ ఉన్న వెండి రంగు. రడ్డర్, ఎలివేటర్లకు ఇంకొంచెం మందమైన ఛాయ. ఫ్యూజ్‌లేజ్, రెక్క, వస్త్రం ఇలా మూడు వేర్వేరు మెరుపులతో ఉండటమే ఈ మోడల్‌లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన సంగతి. ఒకే డబ్బాలోని వెండి రంగు అంతటా వేసిన మస్టాంగ్ బొమ్మలా ఎందుకు కనిపిస్తుందో ఈ మూడింటినీ పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

ఫ్యూజ్‌లేజ్ రేకుల మధ్య కూడా కొద్ది తేడా చూపాను. కొన్ని రేకులను మరుగుపరచి, మిగతావాటి మీద ఒక చుక్క ముదురు ఛాయ కలిపిన లోహం కొట్టాను. ఈ తేడా అడుగు దూరంలో లీలగా తెలియాలి, అంతకంటే ఎక్కువైతే గళ్ల గుడ్డ అవుతుంది. మరుగు టేపును ముందు చేతి మీద అంటించి తీసి, జిగురు తగ్గించి వాడాను. లోహపు లాకర్ పట్టు బలహీనం, గట్టి టేపు దాన్ని లేపుకుపోతుంది. ముక్కు పైభాగం కాంతి పైలట్ కళ్లలోకి కొట్టకుండా మెరుపు లేని ఆలివ్ ఛాయ.

దాడి చారలు తేదీకి ముద్ర లాంటివి. నార్మండీ దాడికి కొద్ది ముందు, మిత్రపక్షాల విమానాలను సొంత ఫిరంగులు కాల్చకుండా ఉండేందుకు రెక్కలకు, ఫ్యూజ్‌లేజ్‌కు తెలుపు, నలుపు చారలు వేశారు: మూడు తెలుపు, మధ్యలో రెండు నలుపు. ఒంటి ఇంజన్ విమానాలకు ఒక్కో చార 18 అంగుళాలు, అంటే మోడల్ మీద 9.5 మిల్లీమీటర్లు, అయిదూ కలిపి 47.6. జూలై నుంచి పైభాగపు చారలను తొలగించసాగారు. కాబట్టి రెక్క పైనా కిందా నిండుగా చారలున్న మస్టాంగ్ అంటే ఆ కొద్ది వారాల విమానమే.

కిట్‌లో చారలకు డికాల్స్ (నీటిలో తడిపి అంటించే పలుచని బొమ్మలు) ఉన్నాయి. వాటిని వాడలేదు. ఆ చారలను చాలాచోట్ల సిబ్బంది హడావుడిగా కుంచెలతో వేశారు, అంచులు గీటు పెట్టినట్టు ఉండవు. తెలుపు ముందు వేసి, నలుపు చారలకు టేపు పెట్టి, కొన్నిచోట్ల టేపు అంచును కాస్త అలలా వేశాను. తర్వాత కుంచెతో అక్కడక్కడ సరిదిద్దాను. తేడా అర మిల్లీమీటరు దాటలేదు. అసలు విమానం మీద అది అంగుళం, చేతితో వేసిన మనిషికి తప్పే కొలత అదే.

నక్షత్రాలు, అక్షరాలకు మాత్రం డికాల్సే. నిగనిగలాడే పలుచని వార్నిష్ మీద వాటిని దించి, మెత్తబరిచే ద్రావణంతో గాడుల్లోకి దింపాను. గరుకు ఉపరితలం మీద డికాల్ వేస్తే అడుగున గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది, లోహపు రంగు మీద అది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. వార్నిష్‌ను డికాల్స్ పడే చోట్ల మాత్రమే వేశాను, మొత్తం మీద వేస్తే లోహపు మెరుపు చచ్చిపోతుంది.

సరిచేయకుండా వదిలినవి

రెండు సంగతులు అలాగే ఉన్నాయి. డి రకంలో రెక్క ముందు అంచు మూలం దగ్గర ముందుకు విరిగే కోణం కిట్‌లో కొంచెం తక్కువ. దాన్ని సరిచేయాలంటే చక్రాల గుంత ముందు గోడ నుంచి మళ్లీ కట్టాలి, స్పార్ దగ్గర చేసిన పనంతా పాడవుతుంది. ముందు అద్దం ప్లాస్టిక్ కూడా మందంగా ఉంది, పక్క నుంచి చూస్తే లోపలి వస్తువులు వంగి కనిపిస్తాయి. పలుచని రేకును వేడి చేసి కొత్తది పోయవచ్చు గానీ, దాని చట్రం గీతలు కిట్ ముక్కంత శుభ్రంగా రావు. ఈ రెండింటినీ కాగితం మీద రాసి మోడల్‌తో పాటే ఇచ్చాను, బోధించేవారికి తన మోడల్‌లో ఏది నిజమో ఏది కాదో తెలిసి ఉండాలి.

ఆయనకు చెప్పిన జాగ్రత్త ఒక్కటే. లోహపు రంగు వేళ్ల నూనెకు మచ్చపడుతుంది, పైన కాపాడే వార్నిష్ ఎక్కువగా లేదు. కాబట్టి మోడల్‌ను పీఠానికి బిగించి ఇచ్చాను. చక్రాల్లోంచి పైకి దూర్చిన సన్నని ఉక్కుతీగలు పీఠంలోకి దిగి ఉంటాయి. తరగతిలో పిల్లలు పీఠాన్ని పట్టుకుని తిప్పి చూస్తారు, రెక్క కింద చూడటానికి పీఠాన్నే ఎత్తుతారు. గాలి తొట్టి దగ్గర సందును కనిపెట్టిన పిల్లలకు దాని పని చెప్పడం ఆయన వంతు.